కుట్లు పడ్డ తలతో ఫైనల్.. రహీం సాబ్ లెక్క

ఆటగాడికి దెబ్బ తగిలితే జట్టు కూర్పు మారుతుంది. ఉన్నవాళ్లతోనే దాన్ని ఎలా సర్దుకోవాలో హైదరాబాద్ బడిపంతులు ఒకాయన అరవై ఏళ్ల కిందటే చూపించారు. ఆయనే భారత ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన జీవితం నుంచి మన పిల్లల తల గురించి, ఇంట్లో పెద్దల ఊపిరితిత్తుల గురించి తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

ఎవరిని ఆడించాలి?

షాద్‌నగర్‌లో సాయంత్రం ఏ స్కూలు గ్రౌండ్ పక్కగా వెళ్లినా బంతి వెంట పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. వారిలో మీ అబ్బాయో, అమ్మాయో ఉండొచ్చు. జిల్లాస్థాయి పోటీలు దగ్గర పడ్డాయనుకోండి. సరిగ్గా అప్పుడే జట్టులో బాగా ఆడే పిల్లాడు కిందపడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. వాణ్ని అలాగే ఆడించాలా? పక్కన కూర్చోబెట్టాలా? వేరే స్థానంలోకి మార్చాలా? పీఈటీ సారుకు అదే ఆలోచన. ఇంట్లో మీకూ అదే బెంగ.

డబ్బున్న పెద్ద లీగుల్లో ఇంకో దారి కూడా ఉంటుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. కాలేజీల నుంచి, విదేశాల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను జట్లు వరుసక్రమంలో ఎంచుకుంటాయి. ఉన్న ఆటగాడి మోకాలు దెబ్బతింటే ఆ లోటు పూడ్చే కుర్రాడి కోసం చూస్తాయి. తీసుకోబోయే కుర్రాడి పాత గాయాలను కూడా డాక్టర్లతో పరీక్ష చేయిస్తాయి. అంత చేసినా ఒక్కోసారి లెక్క తప్పుతుంది. 1984 డ్రాఫ్ట్‌లో పోర్ట్‌లాండ్ జట్టు రెండో ఎంపికగా శామ్ బౌవీ అనే పొడగరిని తీసుకుంది. కాలేజీలో ఉండగా కాలి ఎముక దెబ్బతిని రెండు సీజన్లు ఆటకు దూరమైన కుర్రాడతను. ఎన్‌బీఏలో కూడా కాళ్లు అతన్ని వేధిస్తూనే వచ్చాయి. అతని తర్వాత మూడో ఎంపికగా షికాగో తీసుకున్న కుర్రాడి పేరు మైకేల్ జోర్డాన్.

రహీంకు అలాంటి వెసులుబాటు లేదు. 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో ఆసియా క్రీడల మధ్యలో ఆటగాళ్లు గాయపడితే, కొత్తవాళ్లను పిలిపించుకునే వీల్లేదు. వెంట వచ్చినవాళ్లలోనే ఎవరు ఎక్కడ పనికొస్తారో చూసుకోవాలి. అక్కడ ఆయన ఏం చేశారో అర్థం కావాలంటే, ముందు ఆయన ఎలా తయారయ్యారో చూడాలి.

బడిలో తయారైన కోచ్

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. స్వయంగా ఫుట్‌బాల్ ఆడేవారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చివరిదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఊళ్లో అందరికీ ఆయన రహీం సాబ్.

పంతులు కాబట్టి ఆయనకు ఓ సంగతి బాగా తెలుసు. పిల్లలు తమకు వచ్చిందే మళ్లీ మళ్లీ చేస్తారు. కుడికాలితో బాగా తన్నేవాడు ఎడమకాలు వాడడు. బంతిని తిప్పుతూ పోవడం వచ్చినవాడు పక్కవాడికి అందించడు. అందుకే ఆయన కొత్తరకం పోటీలు పెట్టారు. ఓ టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలం తక్కువున్న కాలితోనే తన్నాలి. మరోటి పొట్టివారి కోసమే. ఇలా తయారైన ఆటగాడికి రెండు కాళ్లూ పనికొస్తాయి. ఒకరి స్థానంలో మరొకరు సర్దుకోగలరు.

ఈ పద్ధతిలో ఆరోగ్యానికి పనికొచ్చే సంగతి కూడా ఉంది. ఎదిగే వయసులో పిల్లలు ఏడాది పొడవునా ఒకే ఆట, ఒకే రకం కదలిక సాధన చేస్తే ఒకే కీలు మీద, ఒకే కండరం మీద భారం పడుతుంది. మడమ నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి, భుజం నొప్పి అలా మొదలవుతాయి. అందుకే రకరకాల ఆటలు ఆడనివ్వాలని, వారంలో ఒకట్రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలని స్పోర్ట్స్ డాక్టర్లు చెబుతున్నారు.

సైకిల్ అద్దె ఇచ్చి తెచ్చుకున్న కుర్రాడు

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1952 ఎన్నికల్లో మన షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నదీ ఆ కాలంలోనే. కలకత్తాతో పాటు హైదరాబాద్ కూడా ఫుట్‌బాల్‌కు పేరుమోసిన రోజులవి.

రహీం ఆటగాళ్లను వెతికే తీరు చెప్పుకోదగ్గది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రాడు బాగా ఆడుతున్నాడని గమనించారు. శిక్షణకు రమ్మన్నారు. పేద కుటుంబం. రోజూ హైదరాబాద్ దాకా వచ్చిపోయే స్తోమత లేదు. సైకిల్ అద్దెకు కావాల్సిన డబ్బు రహీమే ఇచ్చారు. ఆ కుర్రాడు మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 1962 జకార్తా జట్టులోనూ ఉన్నాడు. పిల్లాడు ఆటకు రాకపోతే వాడికి ఇష్టం లేదని అనుకునే ముందు ఇంటి పరిస్థితేంటో అడిగి తెలుసుకోవడం రహీం పద్ధతి.

ఉత్త కాళ్లతో హెల్సింకీలో

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం కోచ్‌గా భారత్ ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చిత్తుగా ఓడించింది. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. మన ఎండకు కాచిన గట్టి నేల మీద అలవాటైన ఆట, ఆ చల్లటి పచ్చిక మీద చెల్లలేదు. ఆ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాటికి జట్టు రూపమే మారిపోయింది. ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా జట్టు సెమీస్ చేరడం అదే మొదలు. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో హైదరాబాద్ నుంచి వచ్చినవారు పలువురు ఉన్నారు. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకుంది.

జకార్తాలో గాయాల చిట్టా

ఇక 1962. పది రోజుల్లో ఐదు మ్యాచ్‌లు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. రెండో మ్యాచ్‌లో థాయిలాండ్‌ను 4-1తో గెలిచాం గానీ దానికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. డిఫెన్స్‌కు వెన్నెముక లాంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతను స్టాపర్. గోల్ ముందు గోడలా నిలబడి, ఎత్తుగా వచ్చే ప్రతి బంతినీ తలతో కొట్టి పంపించడం అతని పని. తల మీద కుట్లున్నవాడు ఆ పని ఎలా చేస్తాడు?

ఇంకో చిక్కు కూడా వచ్చింది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు ఫ్లూ పట్టుకుంది. సెమీఫైనల్‌లో అతని బదులు ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డాడు.

అక్కడ రహీం పంతులు బుర్ర పనిచేసింది. జర్నైల్ చదువుకునే రోజుల్లో పంజాబ్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడేవాడు. అతన్ని స్టాపర్ స్థానం నుంచి తీసి మళ్లీ ముందువరుసకు పంపించారు. వెనక ఖాళీ అయిన చోటును అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించినప్పుడు వాటిలో ఒక గోల్ జర్నైల్‌దే. కెప్టెన్ చునీ గోస్వామి రెండు కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వని వివాదంలో భారత ప్రతినిధి గురుదత్ సోంధీ మాట్లాడిన తీరు ఇండోనేషియా వాళ్లకు కోపం తెప్పించింది. దాంతో స్టేడియం నిండా జనం మన జట్టును ఎగతాళి చేస్తూనే ఉన్నారు. రహీం ఫ్లూ నుంచి లేచిన పొడగరి తంగరాజ్‌ను మళ్లీ గోల్‌లో నిలబెట్టారు. జర్నైల్‌ను ముందువరుసలోనే ఉంచారు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ గోల్ కొట్టాడు. 20వ నిమిషంలో రెండోది జర్నైల్ సింగ్ కొట్టాడు. చివర్లో కొరియా ఒకటి తిప్పికొట్టినా 2-1తో బంగారం మనదైంది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

రహీం లెక్క సూటిగానే ఉంది. గాయపడినవాడు ఏ పని చేయలేడో ముందు చూశారు. ఏ పని ఇంకా చేయగలడో తర్వాత చూశారు. అతని పాత పని వేరే ఎవరు చేయగలరో ఆఖరున చూశారు. ఆటగాళ్లు అనేక స్థానాల్లో ఆడేలా ముందునుంచీ తయారు కాకపోతే ఆ మార్పు కుదిరేదే కాదు.

ఈ రోజైతే అలా ఆడించరు

ఇక్కడ మీరో విషయం గమనించాలి. రహీం నిర్ణయాన్ని మెచ్చుకోవచ్చు. మీ పిల్లల విషయంలో మాత్రం అనుసరించకూడదు. ఎందుకంటే తల గాయాల గురించి ఇప్పుడు మనకు తెలిసినంత అప్పట్లో డాక్టర్లకే తెలియదు. మనిషి మెదడుకు మొదటి సీటీ స్కాన్ తీసింది 1971లో. జకార్తాలో పైన కనిపించే గాయానికి కుట్లు వేయడం కుదిరింది గానీ, పుర్రె లోపల ఏముందో చూసే సాధనం లేదు. జర్నైల్ తట్టుకోగలిగాడు. అందరూ అలా తట్టుకుంటారన్న భరోసా లేదు.

తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు పుర్రె లోపల కుదుపుకు లోనవుతుంది. దీన్ని కంకషన్ అంటారు. రక్తం రాకపోవచ్చు, స్పృహ కూడా తప్పకపోవచ్చు. స్కాన్ మామూలుగా రావచ్చు కూడా. అయినా మెదడు కొన్ని రోజులపాటు తేరుకోవాల్సి ఉంటుంది. ఆ తేరుకునే సమయంలో మళ్లీ దెబ్బ తగిలితే ప్రమాదం ఎన్నో రెట్లు. అరుదుగా మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. పెద్దల కన్నా పిల్లలకు, టీనేజీ వారికి ఈ ముప్పు ఎక్కువ. వారు తేరుకోవడానికి సమయం కూడా ఎక్కువ పడుతుంది.

అందుకే నిబంధనలే మారాయి. ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో గాయపడినవాడి బదులు మరొకరిని దించే వీలే ఉండేది కాదు. ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూట్లు వచ్చింది 1970లో. 2024 నుంచి కంకషన్ అనుమానం ఉన్న ఆటగాడి కోసం అదనంగా ఒకరిని దించే అవకాశాన్ని ఫుట్‌బాల్ నిబంధనల్లోనే చేర్చారు. కోచ్ గెలుపు కోసం తటపటాయించే అవసరం లేకుండా చేసిన ఏర్పాటు ఇది.

ఫ్లూ సంగతి కూడా అంతే. ఒంట్లో జ్వరం, ఒళ్లునొప్పులు ఉండగా గట్టిగా పరుగెత్తితే కొన్నిసార్లు వైరస్ ప్రభావంతో గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. జ్వరం పూర్తిగా తగ్గి, మామూలుగా తిని తిరిగేదాకా ఆటకు పంపకండి. జ్వరం మాత్ర వేసి మ్యాచ్‌కు పంపడం అసలే వద్దు.

రహీం సాబ్ ఊపిరితిత్తులు

జకార్తా గెలిచి ఏడాది కూడా తిరగలేదు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్. వయసు 53. ఎవరి కాలు ఎలా ఉంది, ఎవరి తల ఎలా ఉందని చూసుకుంటూ వచ్చిన మనిషిని ఆయన ఊపిరితిత్తులే తీసుకుపోయాయి. ఆయన సైకిల్ అద్దె ఇచ్చి తెచ్చుకున్న బలరాం కూడా అదే ఏడాది ఆట ఆపేయాల్సి వచ్చింది. ఊపిరితిత్తుల పొరకు వచ్చే ప్లూరసీ అతన్ని ఇరవై ఆరేడేళ్లకే మైదానానికి దూరం చేసింది.

రహీం జీవితం మీద 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా చూసి ఉంటే, అందులో ఆయన పాత్ర చేతిలో తరచూ సిగరెట్ కనిపించడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కాలంలో సిగరెట్‌ను ఎవరూ పెద్ద తప్పుగా చూసేవారు కాదు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని బ్రిటన్ వైద్యుల సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ గట్టిగా ప్రకటించింది 1962 మార్చిలో. అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది 1964 జనవరిలో. రహీం ఆఖరి రోజులు ఆ రెండింటి మధ్య గడిచాయి. ఆ హెచ్చరిక మామూలు జనానికి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మనకు ఆ సాకు లేదు. పెట్టె మీదే బొమ్మ ఉంటుంది. అయినా చాలా ఇళ్లల్లో నాన్నగారి దగ్గు రోజూ ఉండేదే అన్నట్టు వదిలేస్తాం. బీడీ, సిగరెట్ తాగేవారికి ఎప్పుడూ ఉండే దగ్గు తీరు మారినా, పెరిగినా అది పట్టించుకోవాల్సిన సంగతి. పొగ తాగని వారికి కూడా ఈ క్యాన్సర్ రావచ్చు. ఇంట్లో పక్కవారు వదిలే పొగ, కట్టెల పొయ్యి పొగ కూడా ఊపిరితిత్తులకు చేటే.

మీ ఇంట్లో ఏం చేయాలి?

తలకు దెబ్బ తగిలితే...

• ఆ రోజు ఆట అక్కడితో ఆపేయాలి. బాగానే ఉన్నానని పిల్లాడు చెప్పినా మళ్లీ దించొద్దు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి.
• పదేపదే వాంతులు, మగత, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, మాట తడబడటం, కాలుచేతుల్లో బలహీనత, కనుపాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉండటం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. షాద్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు హైవే మీద దాదాపు 50 కిలోమీటర్లు. తెల్లారేదాకా చూద్దామని ఆగొద్దు.
• మొదటి ఒకట్రెండు రోజులు విశ్రాంతి. ఫోన్, టీవీ బాగా తగ్గించాలి. తర్వాత నడక, తేలికపాటి పరుగు, ఒంటరిగా బంతి సాధన, జట్టుతో సాధన, ఆఖరున మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. తలనొప్పి, తలతిరుగుడు మళ్లీ వస్తే ఒక మెట్టు కిందికి దిగాలి.
• ముందు బడి, ఆ తర్వాతే ఆట. పాఠం మీద దృష్టి నిలవనివాడు మైదానంలోకి వెళ్లొద్దు. మ్యాచ్‌కు డాక్టర్ అనుమతి తప్పనిసరి.
• జట్టులో ప్రతి పిల్లాడూ రెండు స్థానాల్లో ఆడగలిగేలా నేర్పమని పీఈటీ సారును అడగండి. అప్పుడు ఒకడికి దెబ్బ తగిలినా వాణ్ని బలవంతంగా దించే అవసరం రాదు.

దగ్గు తగ్గకపోతే...

• రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించండి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.
• క్షయ లేదని తేలినా దగ్గు ఆగకపోతే అక్కడితో వదిలేయొద్దు. కళ్లెలో రక్తం, ఆయాసం, గొంతు బొంగురుపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఛాతీ డాక్టర్‌ను కలవండి. ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్ చేస్తారు. క్యాన్సర్ చికిత్సకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.
• పొగాకు మానాలనుకునేవారు 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఎన్నేళ్ల అలవాటైనా, మానిన రోజు నుంచే శరీరానికి మేలు మొదలవుతుంది.

మ్యాచ్‌లు మళ్లీ వస్తాయి, టోర్నమెంట్లు ప్రతి ఏడాదీ జరుగుతాయి. ఈసారికి పక్కన కూర్చోవడం ఓడిపోవడం కాదని పిల్లలకు చెప్పాల్సింది మనమే. వాళ్లను తీసుకెళ్లేటప్పుడు, చాలా రోజులుగా మీరు వాయిదా వేస్తున్న ఆ దగ్గును కూడా డాక్టర్‌కు చూపించి రండి.